బుగ్గన దూది

"ఊదకూడదు, పీల్చకూడదు, ఉమ్మకూడదు." డాక్టరు ఒక్కో మాటకూ ఒక్కో వేలు మడిచాడు. "మూడు రోజులు మాటలు తగ్గించండి. వేడివీ కారమూ వద్దు. రేపట్నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లు నోట్లో పట్టి, తల వంచి అలాగే జారవిడవండి. గట్టిగా పుక్కిలిస్తే గడ్డకట్టిన నెత్తురు ఊడొచ్చి మళ్లీ మొదటికొస్తుంది."

గుడివాడ స్టేషను రోడ్డులో ఓ మేడమీద గది అది. కుర్చీలో వెనక్కి వాలి ఉన్న అనసూయకు ఎడమ దవడ తనది కానట్టుంది. బొటనవేలితో దూది కాస్త పక్కకి నెట్టి, "పొయ్యి?" అంది.

డాక్టరుకు అర్థం కాలేదు. ఆమె పిడికిలి గుండ్రంగా చుట్టి నోటి దగ్గర పెట్టుకుని చూపించింది.

"ఊదుగొట్టమా? ఏది ఊదినా ఊదడమేనమ్మా. ఓ పది రోజులు స్టవ్వు మీద కానివ్వండి."

"ఆదివారం మా ఆఫీసు వాళ్ల కార్తీక వనభోజనాలున్నాయండీ, హంసలదీవిలో," అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ జనార్దనరావు. "ఈవిడ రావచ్చాండీ?"

"కూచుని చూడ్డానికైతే రావచ్చు."

"అంతేనండీ. కూచుని చూడ్డానికే."

ఆ మాట అంటున్నప్పుడు అతను నిజంగానే అలా అనుకున్నాడు. పదకొండేళ్ల కాపురంలో అనసూయకు ఆ సంగతి తెలుసు. మొగుడు అబద్ధాలాడే మనిషి కాదు. అన్న మాట తర్వాత ఏమవుతుందో చూడని మనిషి.

బందరు వెళ్లే సాయంత్రం రైల్లో ఆమె పొట్లం విప్పి పన్ను చూసుకుంది. దాని వేళ్లు రెండూ ఒకేవైపు వంగి, కొక్కెంలా ఉంది. జనార్దనరావు తొంగి చూసి, "ఇంత చిన్నదా!" అన్నాడు. గుడ్లవల్లేరు దాటాక అతనికి హుషారు వచ్చింది. "ఈసారి నువ్వూ చూద్దువుగాని. కృష్ణ సముద్రంలో కలిసేచోట నీళ్లు గీత గీసినట్టు రెండు రంగులుగా ఉంటాయి. ఇటు తేనె రంగు, అటు నీలం. కిందటిసారి చెప్పాగా?"

చెప్పాడు. మూడేళ్ల కిందట ఇదే హంసలదీవిలో, అనసూయ ఇరవయ్యోదో ముప్పయ్యోదో అప్పడం నూనెలో తిప్పుతూ ఉండగా, అతను తడిసిన పంచె పిండుకుంటూ వచ్చి ఆ రెండు రంగుల గురించి చెప్పాడు. జేబులోంచి నాలుగు గవ్వలు తీసి ఆమె కొంగులో పోశాడు. ఆమె వంటా, అంట్లూ పూర్తయ్యేసరికి బస్సు హారను కొట్టింది. అంతకుముందు మంగినపూడిలోనూ అంతే. సముద్రం చప్పుడు వినడమే గానీ చూడలేదు. బందరులో ఉంటూ సముద్రం చూడలేదంటే ఎవరూ నమ్మరని, ఆమె ఎవరితోనూ అనదు.

ఈసారి మాత్రం వెళ్లాలి. కిటికీ ఊచకు నుదురు ఆనించి, మొద్దుబారిన దవడతో ఆమె ఆ ఒక్క సంగతే గట్టిగా అనుకుంది.

శుక్రవారానికి బుగ్గ బూరెలా పొంగింది. అనసూయ రాగిజావ వడగట్టుకుంటూ ఉండగా సూపరింటెండెంటు గంగాధరరావు గారి భార్య వెంకటరత్నమ్మ చేతిలో కాగితం, పెన్సిలుతో వచ్చింది. ఏటా వనభోజనాలకు ఎవరేం వండాలో రాసేది ఆవిడే.

"అయ్యో, ఇంతలా వాచిందేమే! మా ఆయన చెబితే పన్నేగా అనుకున్నా." పీట లాక్కుని కూచుంది. "సరే, విను. పులిహోర నీదే. అరవైమందికి పులుసు కాచి డబ్బాలో పోసి ఉంచు. మిగతాది అక్కడ చూసుకోవచ్చు. కంద బచ్చలి కూడా నీకే రాశా. కంద తరగడమంటే అందరూ దురదలంటారు. నీకు అలవాటేగా."

మామూలుగా అయితే ఆ "గా" దగ్గరే అనసూయ "పర్లేదండీ" అనేస్తుంది. ఎదుటివాళ్లు అడగడం పూర్తికాకముందే వచ్చేసే మాట అది. ఇప్పుడూ నాలిక చివరిదాకా వచ్చింది. కానీ నోట్లో దూది తడిసి ఉంది. తెరిస్తే కారుతుంది. పెదవులు బిగించి అలాగే చూస్తూ ఉండిపోయింది.

జావ గిన్నె మీద ఈగ వాలి లేచింది. వెంకటరత్నమ్మ కాగితం వంక చూసింది, అనసూయ వంక చూసింది, మళ్లీ కాగితం వంక చూసింది.

"పోనీలే," అంది చివరికి. "కంద మా పనిమనిషి చేత తరిగిస్తాలే." పెన్సిలుతో ఓ గీత కొట్టింది.

ఆవిడ వెళ్లాక కూడా అనసూయ జల్లెడ పట్టుకుని అలాగే నిలబడింది. తను వద్దనలేదు. వంక చెప్పలేదు. ఊరికే ఆగింది. ఆ ఆగిన చోట ఇంకొకరు మాట్లాడారు.

ఆ సాయంత్రానికే నెత్తురు ఆగిపోయింది. అద్దం ముందు బుగ్గ లాగి చూసుకుంటే నల్లటి గుంట, చుట్టూ చిగురు. ఎవరూ లేని వంటింట్లో తన పేరు తనే మెల్లిగా పలికి చూసుకుంది. మాట బాగానే వచ్చింది.

శనివారం మధ్యాహ్నం ముందుగదిలోంచి జనార్దనరావు కేకేశాడు. "అనసూయా, మా ఆఫీసు బుచ్చిరాజు వాళ్లావిడకి జ్వరంట. అప్పడాలు మనమే వేయించి పట్టుకెళ్దామా? ఓ వంద?"

అనసూయ గూట్లోంచి దూది తీసింది. ఉండ చేసి ఎడమ బుగ్గన పెట్టుకుని వెళ్లి గుమ్మంలో నిలబడింది.

అతను పేపరు మీంచి తల ఎత్తాడు. "ఓహో. ఇంకా తగ్గలేదా? సరే, కొట్లో కొంటాలే."

అబద్ధమాడాలన్నా నోరు తెరవాలి గదా అనుకుంది అనసూయ, స్టవ్వు దగ్గరికి తిరిగివచ్చి. ఆ ఊహకు నవ్వొచ్చి, నవ్వితే దవడ సలిపింది. చింతపండు పులుసు చిక్కబడేదాకా కలుపుతూ కూచుంది. పసుపూ, పచ్చిమిరపకాయలూ, బెల్లం ముక్కా వేసింది. ఉప్పు వెయ్యలేదు. అన్నంలో కలిపేటప్పుడు వెయ్యడం ఆమె అలవాటు. నైవేద్యం కాకుండా రుచి చూడకూడదు గనక పులిహోరలో ఉప్పుకు కొలత ఆమె గుప్పిలే. ఎన్ని మానికల అన్నానికి ఎన్ని గుప్పిళ్లో ఆమె చేతికి తెలుసు. ఇంకెవరికీ తెలియదు, ఎవరూ అడగనూ లేదు.

ఆదివారం తెల్లవారుజామునే కిరాయి బస్సు బయల్దేరింది. అనసూయ ఎక్కేసరికి ఆఫీసు అటెండరు రహంతుల్లా భార్య నూర్ బీ కిటికీ పక్క సీటు మీద చెయ్యి పరిచి కాపలా కాస్తోంది.

"ఇటు కూచోండమ్మగారూ. ఆ పక్కయితే గాలి వాచిన బుగ్గకే కొడుతుంది." పచ్చ నైలాను చీర కట్టుకుంది, మడతలు ఇంకా విరగలేదు. కొంగు ముడి విప్పి రెండు లవంగాలు చేతిలో పెట్టింది. "అటేపు కాదు, మంచి పన్ను కింద పెట్టుకోండి. మా అమ్మకి అట్టాగే తగ్గింది."

నూర్ బీ వనభోజనాలకు రావడం ఇదే మొదలు. అటెండర్లు వస్తారు, నీళ్లు మోస్తారు. వాళ్ల ఆడవాళ్లు రారు. "ఈయన ఏడేళ్లనించి చెబుతున్నాడమ్మా, ఈసారి తీసుకెళ్తా, ఈసారి తీసుకెళ్తా అని," అంది ముందు సీట్లోని మొగుడి వీపు చూపించి. "చిలకలపూడి రోల్డుగోల్డు సరుకు ఇంట్లోనే చేస్తానుగా. గాజులకి అతుకులు పెట్టాలి. దీపం మంటని ఇంత సన్న ఇత్తడి గొట్టంతో ఊదుతూనే ఉండాలి, అతుకు కరిగేదాకా. ఆపితే చల్లారిపోద్ది. ఆరు రోజులూ ఊదుడే. నా బుగ్గలకి ఆదివారం ఒక్కటే సెలవు." బుగ్గలు పూరించి చూపించి తనే నవ్వింది. "ఇయ్యాల సముద్రం చూసి తీరాలి."

అనసూయ తల ఊపింది. దూది లేకపోతే, నేనూ అంతే అని ఉండేది.

చల్లపల్లి దాటి, పులిగడ్డ ఆక్విడెక్టు మీద బస్సు నెమ్మదిగా పాకింది. అవతల దివిసీమ. ఉప్పెన వచ్చి రెండేళ్లయినా మొవ్వు తెగిన తాటిచెట్లు అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మధ్య కొత్త కాలనీ ఇళ్లు వరసగా, అన్నిటికీ ఒకటే తలుపు, ఒకటే కిటికీ. బస్సులో పాటలు పాడుతున్న పిల్లలు అక్కడ తమంతట తామే ఊరుకున్నారు. కోడూరు దాటాక మళ్లీ మొదలుపెట్టారు.

హంసలదీవి చేరేసరికి తొమ్మిదయింది. గుడి దర్శనం చేసుకుని, ఊరవతల ఇసుక మేటలో టార్పాలిను కట్టారు. చెట్లన్నీ ఉప్పెనకు పోయాయి గనక బుచ్చిరాజు బందరు నుంచే ఓ ఉసిరి కొమ్మ తెచ్చాడు. దాన్ని ఇసుకలో పాతి, ఒరిగిపోకుండా చుట్టూ ఇటుకలు పేర్చి, "ఇదే వనం. ఇక భోజనమే తరువాయి," అన్నాడు. మగవాళ్లు టార్పాలిను కింద దుప్పటి పరిచి పేక ముక్కలు పంచుకున్నారు.

సముద్రానికి వెళ్లేవాళ్లు ఒక గుంపుగా తయారయ్యారు. ఇసుకలో గంట నడక. నూర్ బీ చెప్పులు చేత్తో పట్టుకుని ముందే నిలబడింది. అనసూయ వెళ్లి ఆమె పక్కన నిలబడింది.

అప్పుడే పొయ్యి దగ్గర గొడవ మొదలైంది. రాత్రి కురిసిన జల్లుకి బస్సు మీద తెచ్చిన సరుగుడు కట్టెలు తడిశాయి. ఎవరు అంటించినా పొగే గానీ మంట లేదు. ఇద్దరు ఆడవాళ్లు ఊది ఊది కళ్లు తుడుచుకుంటూ లేచారు. గంగాళంలో ఎసరు చల్లగా ఉంది.

"అనసూయా," అంది వెంకటరత్నమ్మ. అలవాటుగా అందరూ అటే చూశారు. అనసూయ వేలు ఎత్తి బుగ్గ చూపించింది.

"అవునవును, నువ్వు ఊదకూడదుగా." వెంకటరత్నమ్మ చూపు పక్కకు జరిగింది. "నూర్ బీ, నువ్వు రా."

నూర్ బీ చెప్పులు పట్టుకునే నిలబడింది. "నేనా అమ్మగారూ? వంట దగ్గరికా?"

"వంట కాదమ్మా, మంట. గిన్నె ముట్టుకోవు, గరిట ముట్టుకోవు. ఊదడానికేం తప్పు? నీకు రోజూ ఉండే పనేగా. మేం ఊదితే గంట, నువ్వు ఊదితే చిటికె." ఆవిడ గొంతులో విసుగు లేదు. మంచి ఉపాయం తట్టిన సంతోషమే ఉంది.

నూర్ బీ మొగుడి వంక చూసింది. నీళ్ల బిందె దించుతున్న రహంతుల్లా, "పెద్దమ్మగారు చెబుతున్నారుగా. ఊదు," అన్నాడు తల ఎత్తకుండా.

నూర్ బీ నైలాను చీర కొంగు నడుం చుట్టూ బిగించింది. నిప్పురవ్వ పడితే ఆ గుడ్డ ఎలా అంటుకుంటుందో తెలిసిన మనిషిలాగా కుచ్చిళ్లు మోకాళ్ల మధ్యకి దోపుకుని, పొయ్యి ముందు గొంతుక్కూచుంది. గొట్టం అందుకుంటూ అనసూయ వంక చూసి నవ్వింది.

"మీరు చూసి రండమ్మగారూ. ఎట్టా ఉందో నాకు వచ్చి చెబుదురుగాని."

గుంపు కదిలింది. అనసూయా కదిలింది. పది అడుగులు, ఇరవై అడుగులు. ఇసుకలో కాళ్లు దిగబడుతున్నాయి. వెనకనుంచి గొట్టం చప్పుడు వినిపిస్తోంది. పొడుగ్గా, తెగకుండా. పని తెలిసిన ఊపిరి. ఆగితే ఓ దగ్గు, మళ్లీ పొడుగ్గా. వచ్చి చెప్పాలి. రెండు రంగులని చెప్పాలి. నాలుగు గవ్వలు ఏరి ఆ నైలాను కొంగులో పొయ్యాలి.

ఆమె ఆగింది. వెనక్కి తిరిగి నడిచింది. పొయ్యి దగ్గరికి వచ్చి, రెండు వేళ్లతో బుగ్గలో దూది తీసి ఇసుకలో వేసింది. తడి తప్ప మరక లేదు, తెల్లగా ఉంది.

"నూర్ బీ, గొట్టం కింద పెట్టు."

మూడు రోజులు వాడని గొంతు. బరకగా, అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. టార్పాలిను కింద పేకాట ఆగింది.

"నీకు మాటొచ్చిందే!" అంది వెంకటరత్నమ్మ.

"శుక్రవారం సాయంత్రమే వచ్చిందండీ."

వెంకటరత్నమ్మ ఇసుకలోని దూది వంక చూసింది. ఆ చూపుకి అనసూయ చెవులు వేడెక్కాయి గానీ తల దించుకోలేదు. అయితే ఆవిడ అడిగింది దూది గురించి కాదు. "మరి పొయ్యెవరు ఊదుతారు?"

అనసూయ వంగి గొట్టం తీసుకుంది. చివర కొంగుతో తుడిచింది. టార్పాలిను దగ్గరికి నడిచి, దుప్పటి అంచున నిలబడింది.

"ఏమండీ."

జనార్దనరావు చేతిలో ముక్కలు విసనకర్రలా విప్పుకుని ఉన్నాడు.

"డాక్టరు నన్ను ఊదొద్దన్నాడు. మిమ్మల్ననలేదు."

బుచ్చిరాజు గట్టిగా నవ్వాడు. "బావా, జోకరు నీకే పడింది! లే, లే."

జనార్దనరావు గంగాధరరావు గారి వంక చూశాడు. సూపరింటెండెంటు గారు తన ముక్కల్లోకి, అవి ఫైళ్లయినట్టు, దీక్షగా చూసుకుంటున్నారు. జనార్దనరావు అనసూయ మొహం చూశాడు. అందులో కోపం లేదు. అలసట ఉంది. అది ఎప్పట్నించి అక్కడ ఉందో అతనికి తెలియలేదు. ముక్కలు బోర్లా పెట్టాడు.

"నా ఆట ముట్టుకోకండి," అని లేచి, గొట్టం అందుకున్నాడు.

"రా," అంది అనసూయ, నూర్ బీతో.

నూర్ బీ రహంతుల్లా వంక చూడలేదు. చెప్పులు కూడా మర్చిపోయి వచ్చింది. గుంపు అప్పటికే చాలా దూరం వెళ్లిపోయింది. ఇసుక తడిసి గట్టిపడిన చోట నూర్ బీ మెల్లిగా అంది.

"నా కోసం మాట పడతారేమోనమ్మా."

"పడితే పడతాను. నీ ఒక్కదాని కోసమే కాదులే."

మేట ఎక్కి దిగితే సముద్రం. అనసూయ అనుకున్నంత నీలంగా లేదు. పోటు వచ్చి ఉంది. నది నీళ్లని వెనక్కి తోసేసి, ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకటే బురద రంగు.

"ఏవమ్మా రెండు రంగులు?"

"కనపడవు ఇప్పుడు. పోటు మీద ఉన్నట్టుంది."

"సారు ఉత్తినే చెప్పారేమో."

"లేదు. ఆయన చూసే ఉంటారు. ఆయన వచ్చిన వేళ అలా ఉండి ఉంటుంది." ఆ మాట అన్నాక, సముద్రానికి కూడా వేళలుంటాయని తనకు ఎవరూ చెప్పలేదే అనిపించింది. చెప్పేవాళ్లు ఎప్పుడూ ఒక్కసారి చూసి వచ్చి చెప్పినవాళ్లే.

నూర్ బీకి రంగుల దిగులేం లేదు. మోకాళ్లదాకా నీళ్లలోకి వెళ్లి, అల వచ్చినప్పుడల్లా బుగ్గలు పూరించి 'ఫూ' అని దాని మీదకి ఊదుతోంది. అల వెనక్కి పోతే చప్పట్లు కొడుతోంది. "చూడండి, వింటంది!"

అనసూయ నవ్వబోయి బుగ్గ పట్టుకుంది. నోట్లో వెచ్చగా, ఇనుము రుచి. నిజంగానే నెత్తురు వస్తోంది. అంత గట్టిగా మాట్లాడకుండా ఉండాల్సింది. ఇప్పుడు దూది కావాలి, దూది లేదు.

నూర్ బీ దగ్గరికొచ్చి చూసింది. "డాక్టరు ఉప్పునీళ్లేగా చెప్పాడు?" అంది, చేత్తో సముద్రమంతా చూపిస్తూ. "ఇంకెక్కడ దొరుకుతాయమ్మా ఇన్ని?"

కాచనివి, వడగట్టనివి. అనసూయ మామూలుగా అయితే అలాంటి నీళ్లతో చెయ్యి కూడా కడుక్కోదు. కాస్త లోపలికి నడిచి, తేరిన చోట దోసిలి ముంచి, ఒక్క గుక్క బుగ్గన పట్టింది. కళ్లవెంట నీళ్లు వచ్చేంత మంట. డాక్టరు చెప్పినట్టే తల వంచి మెల్లగా జారవిడిచింది. ఎర్రటి దారం ఒకటి నీళ్లలో కాసేపు తిరిగి కలిసిపోయింది.

తిరిగి వచ్చేసరికి రెండు కావస్తోంది. ఉసిరి కొమ్మకు నైవేద్యం అయిపోయింది. జనార్దనరావు కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ముక్కు మీద మసి, లాల్చీ మీద బూడిద. ఆమెను చూసి ఏదో అనబోయి దగ్గాడు.

విస్తళ్లు రెండు వరసలుగా వేశారు. రహంతుల్లాకూ నూర్ బీకీ ఆ వరసల చివర, కొంచెం ఎడంగా, బస్సు నీడలో వేశారు. అనసూయకు విస్తరి అక్కర్లేదు, మెత్తగా పిసికిన పెరుగన్నం డబ్బాలో తెచ్చుకుంది. విస్తరి లేని మనిషికి వరసేముంది? డబ్బా పట్టుకుని వెళ్లి నూర్ బీ పక్కన కూచుంది. వెంకటరత్నమ్మ చూసింది. ఈసారి ఆవిడే ఏమీ అనలేదు.

పులిహోర వడ్డించారు. పచ్చగా, పొడిపొడిగా చూపుకి బాగానే ఉంది. మొదటి ముద్ద అందరి నోళ్లలోకీ ఒకేసారి వెళ్లింది. నవలడం నెమ్మదించింది. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"అనసూయా," అంది వెంకటరత్నమ్మ, "పులుసులో ఉప్పు వెయ్యలేదా?"

"లేదండీ. అన్నంలో కలిపేటప్పుడు వెయ్యాలి."

"ఓ మాట చెప్పొద్దూ?"

"చెప్పాల్సింది. నా పొరపాటేనండీ." నిజమే గనక చెప్పింది. కానీ లేవలేదు.

ఉప్పు జాడీ పొయ్యి పక్కన ఉంది. అందరివీ ఎంగిలి చేతులు. అనసూయ ఇంకా డబ్బా మూత తియ్యలేదు. చేతులు శుభ్రంగా ఉన్నది ఆమెకే. ఆ సంగతి అందరికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టుంది, రెండు వరసల తలలూ అటు తిరిగాయి. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూచుంది. కాళ్లు పీకుతున్నాయి. సముద్రందాకా నడిచిన కాళ్లు.

"పర్లేదు, పర్లేదు," అన్నాడు బుచ్చిరాజు. "చప్పిడి తింటే బీపీ తగ్గుతుందంటారు."

"పర్లేదులే," అంది ఇంకెవరో.

జనార్దనరావు లేచాడు. బిందె దగ్గర చెయ్యి కడుక్కుని, జాడీ చంకన పెట్టుకుని, వరస మొదట్నుంచీ ఒక్కో విస్తరి అంచున ఇంత ఉప్పు వేసుకుంటూ వచ్చాడు. వడ్డన అలవాటు లేని చెయ్యి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. "బావా, నేనేం సముద్రం తాగేవాణ్ణా, ఇంత పోశావ్!" అన్నాడు బుచ్చిరాజు. వరసలు అయిపోయాయి. అతను ఒక్క క్షణం ఆగి, బస్సు నీడలోకి వచ్చాడు. రహంతుల్లా కంగారుగా సగం లేచి చెయ్యి చాపాడు. "కూచో," అని అతని విస్తట్లో వేశాడు. నూర్ బీ విస్తట్లో వేశాడు.

తర్వాత పొగకు వాచిన కళ్లతో అనసూయ వంక చూశాడు. "నీకు?"

"నాకు ఇందాకే అయింది," అంది అనసూయ.

అతనికి అర్థం కాలేదు. నూర్ బీ కొంగు నోటికడ్డం పెట్టుకుని, నవ్వాపుకోలేక, విస్తరి మీదకి వంగిపోయింది.